డ్రైవరు సీట్లో మా తాతగారు

మా ముత్తాతగారు గోదావరి ఇవతలి గట్టున టపా బళ్ళు నడిపించిన కంట్రాక్టరు. ఆయన బండి వచ్చేదాకా రేవులో పంటు కదిలేది కాదని మా ఊళ్ళో చెప్పుకునేవారు. ఆయన కొడుకు, అంటే మా తాతగారు, గుర్రాలు తీసేసి మోటారు బస్సులు పెట్టారు. ఒకటితో మొదలుపెట్టి ఆరింటిదాకా పెంచారు. మన్యం వైపు వెళ్ళే దారిలో పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ పరీక్షలకీ కోర్టు వాయిదాలకీ జనం మా బస్సుల్లోనే వెళ్ళారు, మా బస్సుల్లోనే తిరిగొచ్చారు. ఆరు బస్సుల నుదుటి మీదా మా ఇంటిపేరు ఎర్రటి అక్షరాలతో ఉండేది. తహసీల్దారుగారి కుటుంబం ఎక్కవలసి ఉంటే ముందు సీటు ఖాళీగా వచ్చేది. మా ఇంట్లోవాళ్ళం ఎక్కితే డ్రైవరు దిగి తలుపు తీసేవాడు.

ఈ సంగతంతా పోయిన ఆదివారం సాయంత్రం, ఇక్కడ ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా గరాజు ముందు నిలబడి మా మనవరాలికి వివరంగా చెప్పబోయాను. వేసవంతా ఐస్‌క్రీం దుకాణంలో పనిచేసి ఆ పిల్ల ఒక పాత కారు కొనుక్కుంది. దానికి అంతకుముందున్న యజమాని ముందుభాగం ఎక్కడో గుద్ది, అతుకు వేయించినట్టున్నాడు, హెడ్‌లైట్లు రెండూ రెండు దిక్కులు చూస్తున్నాయి. ఎదురొచ్చేవాళ్ళు దీని మొహాన లైట్లు కొడుతున్నారట. వాళ్ళ నాన్న షాపులో ఇచ్చేద్దామన్నాడట గానీ, తాతకి తెలుసని అమ్మమ్మ చెప్పిందట. అందుకని చేతిలో నీలం టేపు చుట్టతో వచ్చి నిలబడింది. ముత్తాతగారి టపా బళ్ళు దాటి తాతగారి మూడో బస్సు దగ్గరికి వచ్చేసరికి మర్యాదగానే నన్ను ఆపింది.

"తాతా, అది చాలా కూల్. కానీ టేప్ ఎక్కడ పెట్టాలి?"

ఆ ప్రశ్నతో నేను ఒకేసారి రెండు కాలాల్లోకి వెళ్ళిపోయాను. నా వయసువాళ్ళు, చీకటి పడే వేళ కంకర రోడ్డు మీద బస్సులో ముందు సీటు కోసం పోట్లాడినవాళ్ళు, ఈ మాటలు ఓపికగా వింటారని నమ్మి రాస్తున్నాను.

మా బస్సుల షెడ్డుకి పడమటి వైపు ఒక పొడవాటి గోడ ఉండేది. ఏటా దసరా పూజకి ముందు దానికి సున్నం కొట్టించేవారు. అది ఆరిన మర్నాడు సాయంత్రం మా పెద్ద డ్రైవరు దారానికి నీలిమందు పట్టించి, ఈ చివర తానూ ఆ చివర క్లీనరూ పట్టుకుని, బిగించి లాగి మధ్యలో వేలితో మీటి వదిలేవాడు. తెల్లటి గోడ మీద కొసనుంచి కొసదాకా సన్నటి నీలం గీత పడేది. ఆ తరవాత బస్సుని కొలిచిన దూరంలో నిలిపి, ఒక్కో సీటులో ఒక్కో ఇసుక బస్తా పెట్టించి, దీపాలు వేయించి, తాను బస్సు ముందు గొంతుక్కూర్చుని మరలు తిప్పుతూ వెలుతురుని ఆ గీత కిందకి దించేవాడు. పెద్ద డ్రైవరు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. అంత మనిషి అలా మడతపడి కూర్చుని, ఒక కన్ను మూసి, గోడ మీద వెలుతురుతో మాట్లాడుతున్నట్టు పెదాలు కదుపుతుంటే చూడటానికి నాకు చాలా ఇష్టంగా ఉండేది. రోజుకో బస్సు చొప్పున ఆరు సాయంత్రాలు ఆ పని జరిగేది. నేను అరుగు మీదనుంచి చూసేవాణ్ణి. దిగి దగ్గరికి వెళ్ళడం మాత్రం మా ఇంట్లో నిషిద్ధం. బస్సులు మావే కానీ వాటిని తాకే పని మాది కాదు. స్టీరింగు పట్టుకోవడం జీతగాడి పనని మా తాతగారు ఎంత గట్టిగా అనేవారంటే, ఆరు బస్సుల యజమాని అయి ఉండీ ఆయన జీవితంలో ఒక్క గజం దూరం కూడా బండి నడపలేదు.

అయితే ఆ ఆరు సాయంత్రాల్లో మాత్రం ఒక విశేషం జరిగేది. అంతా సిద్ధమయ్యాక పెద్ద డ్రైవరు వచ్చి, తలపాగా తీసి, "అయ్యగారూ, తమరు కాస్త దయచేయాలండి," అనేవాడు. మా తాతగారు ఉత్తరీయం సర్దుకుని, ఎవరి చెయ్యీ ఆసరా తీసుకోకుండా ఎక్కి, డ్రైవరు సీట్లో కూర్చునేవారు. చేతులు మోకాళ్ళ మీద. స్టీరింగుని ముట్టుకునేవారు కారు. వెన్ను నిటారుగా, చూపు తిన్నగా, పని అయ్యేదాకా అలాగే ఉండేవారు. ముందు దీపాలు వెలుగుతుండగా, వాటి మధ్య నేల మీద అంత పెద్ద మనిషి వంగి ఉండగా, పైన మా తాతగారు సింహాసనం మీద కూర్చున్నట్టు కనిపించేవారు. ఏడాదికోసారి యజమాని తన బండిని ఏలుకునే లాంఛనమని నేను అనుకున్నాను. ఎవరినీ అడగలేదు, అడగవలసినంత అనుమానమూ రాలేదు. పెద్దయ్యాక నేనూ అలా కూర్చోవాలని మాత్రం అనుకునేవాణ్ణి.

నాకు ఆ అవకాశం రాలేదు. రూట్లు ప్రభుత్వం చేతికి వెళ్ళాయి. మా నాన్నగారు కోర్టుల చుట్టూ తిరిగారు. నాకు ఇంజనీరింగు డిగ్రీ చేతికొచ్చే నాటికి మాకు మిగిలినవి ఆ షెడ్డూ, ఇంటిపేరూ. ఆ ఇంటిపేరునే పెట్టెలో సర్దుకుని నేను మిషిగన్ వచ్చాను.

ఇక్కడ కార్ల తలుపుల బిగింపులకి నమూనాలు గీసే కంపెనీలో ఉద్యోగం. కొత్తలో అందరిలాగే నేనూ మంచు తవ్వాను, గిన్నెలు తోమాను, స్టీరింగు కూడా పట్టాను. అయితే ఏదీ ఒకరిని అడిగి చేయలేదు. అడగడం మా వంశంలో లేదని నాకొక నమ్మకం. ఎదురింట్లో ఒక ముసలాయన ఉండేవాడు, కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైనవాడు. కాఫీ కప్పు పట్టుకుని వాకిట్లో నిలబడి దారినపోయే ప్రతి కారునీ పరీక్షగా చూస్తూ ఉండేవాడు. ఒకరోజు మా పాత కారుని చూసి, నీ లైట్లు ఆకాశంలోకి చూస్తున్నాయి, పది నిమిషాల పని, సరిచేసి పెట్టనా అని అడిగాడు. మా కుటుంబానికి ఆరు బస్సులుండేవనీ, ఈ పని నాకు కొత్త కాదనీ చెప్పి తలుపు వేసుకున్నాను. నా చేత్తో ఒక్క మర అయినా తిప్పి ఎరగనన్న సంగతి నాకు అప్పుడు గుర్తురాలేదు.

ఆ కారు నడిపేది మా ఆవిడ. ఆమె మైక్రోబయాలజీ చదివింది. రెండేళ్ళు ఉత్తరాలు రాసి రాసి, చివరికి నలభై మైళ్ళ అవతల ఒక చిన్న ఊరి ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం సంపాదించుకుంది. దారంతా అటూ ఇటూ మొక్కజొన్న చేలు, ఒక్క దీపస్తంభం లేని రోడ్డు. నవంబరు వచ్చిందంటే ఆమె ఇంటికి బయల్దేరే అయిదింటికే మసక చీకటి. ఆ ఉద్యోగంలో చేరిన రోజు ఆమె తన పేరున్న బ్యాడ్జీని ఇంటికి తెచ్చి దేవుడి పటం ముందు పెట్టింది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తరవాత జరిగినదానిలో పోబోయింది అదే.

"ఏమండీ, ఎదురొచ్చేవాళ్ళంతా నా మొహాన లైట్లు కొడుతున్నారు. నేనేం తప్పు చేస్తున్నానో తెలియడం లేదు," అంది ఒకరోజు.

తప్పు నీది కాదు, దీపాలది, రేపు చూస్తానన్నాను. ఆ శనివారం నేను ఇండియన్ షాపునుంచి నాలుగు కుటుంబాలకి సరిపడా బియ్యం తెచ్చాను. యాభై పౌన్ల బస్తాలు ఆరు, డిక్కీలో ఉన్నాయి. దించబోయి ఆగాను. మా పెద్ద డ్రైవరు బరువు పెట్టకుండా ఏనాడూ దీపాలు దిద్దలేదు కదా. ఇసుక బస్తాలకు బదులు బియ్యం బస్తాలు, అంతే. గరాజు తలుపు మీద టేపుతో గీత వేశాను. నీలిమందు లేదుగానీ గీత తిన్నగానే వచ్చింది. కారుని పాతిక అడుగుల దూరంలో పెట్టి, స్క్రూడ్రైవరుతో వెలుతురుని గీత కిందకి దించాను. గొంతుక్కూర్చుంటే ఎదురింటి ముసలాయనకి కనిపిస్తానని, నిలబడే నడుం వంచి తిప్పాను. పని పూర్తయ్యాక మా ఆవిడని పిలిచి చూపించి, పెద్ద డ్రైవరు గురించీ గోడ గురించీ ఒక అరగంట చెప్పాను. అప్పుడు బియ్యం దించి అందరి ఇళ్ళకీ పంచి వచ్చాను.

లెక్కలు తెలిసినవాళ్ళకి నేను చేసిన పని ఈపాటికి అర్థమై ఉంటుంది. డిక్కీలో మూడు వందల పౌన్లుంటే కారు వెనక్కి కుంగి, మూతి పైకెత్తుతుంది. ఆ మూతికి సరిపోయేట్టు నేను దీపాలు కిందికి దించాను. బియ్యం దిగిపోయాక కారు తన మామూలు ఎత్తుకి వచ్చింది, దీపాలు మాత్రం ముక్కు కిందనే నేలని చూస్తూ ఉండిపోయాయి.

ఎదురొచ్చేవాళ్ళు లైట్లు కొట్టడం మానేశారు. మా ఆవిడ ఆ మాట చెబితే నేను పొంగిపోయాను. ముందు నాలుగు బారల రోడ్డు తప్ప తనకేమీ కనిపించడం లేదన్న మాట ఆమె చెప్పలేదు. రెండు వారాలు అలాగే నడిపింది.

మొదటి మంచు పడిన రోజు, ల్యాబునుంచి వస్తుంటే ఒక లేడి రోడ్డు మధ్యన నిలబడి ఉంది. కనబడేసరికి కారు దాదాపు దాని మీదికి వచ్చేసింది. ఆమె స్టీరింగు తిప్పింది, కారు పక్కన కాలవలోకి జారింది. దెబ్బలేమీ తగల్లేదు. దగ్గర్లో ఉన్న రైతు ఇంటినుంచి ఫోను చేసింది. నేను ఒక సహోద్యోగి కారులో వెళ్ళేసరికి ఆ రైతు భార్య ఇచ్చిన కంబళి కప్పుకుని వాళ్ళ వంటగదిలో కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఇంటికి వచ్చి బూట్లు విప్పుతూ అడిగింది.

"మీ తాతగారి బస్సుల్లో ఎప్పుడూ ఇంతే కనిపించేదా?"

అప్పుడు బయటపడింది రెండు వారాల సంగతి. ముందే ఎందుకు చెప్పలేదంటే, "అంత ముచ్చటపడి చేశారు. బాగాలేదంటే మీరు నొచ్చుకుంటారు. మిమ్మల్ని నొప్పించడం కంటే మెల్లగా నడుపుకోవడం తేలికనిపించింది," అంది. తరవాత, సోమవారం ఫోను చేసి ఉద్యోగం మానేస్తున్నానని చెప్పేస్తానంది. కోపంగా అనలేదు. కూర ఏం చేయాలో నిర్ణయించినట్టు అంది. బ్యాడ్జీని పటం ముందునుంచి తీసి సొరుగులో పెట్టింది.

ఆ సొరుగు మూసిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మా కుటుంబం పరువు ఎన్నో విధాల పోవడం నేను చూశాను, కానీ నా చేతుల మీదుగా ఇంకొకరిది పోవడం అదే మొదలు.

మర్నాడు పొద్దున్న నేను సూటు కోటు వేసుకుని ఎదురింటికి వెళ్ళాను. రోడ్డు దాటడానికి కోటు ఎందుకంటే, అమెరికా వచ్చాక ఒకరిని సాయం అడగడం అదే ప్రథమం, ఆ పని వట్టి చొక్కాతో చేయాలనిపించలేదు. ముసలాయన నేను చెప్పిందంతా విన్నాడు. నవ్వడని ఆశించాను. బియ్యం దగ్గరికి వచ్చేసరికి కాఫీ కప్పు పక్కన పెట్టాడు.

"ఇంతకీ ఆ కారు నడిపేది మీ ఆవిడా, బియ్యమా?"

ఆ సాయంత్రం వెలుతురు తగ్గాక వచ్చాడు. డిక్కీ ఖాళీ చేయించాడు, పెట్రోలు సగం ఉందో లేదో చూశాడు, టైర్లలో గాలి చూశాడు. ముందు బానెట్ మీద రెండు చేతులూ ఆనించి, కారుని నాలుగుసార్లు ఊపి వదిలాడు. అప్పుడు నన్ను కాదు, మా ఆవిడని పిలిచాడు. అమ్మా, ఈ కారులో రోజూ ఏ బరువు ఉంటుందో ఆ బరువుతోనే లైట్లు దిద్దాలి, నువ్వు వచ్చి కూర్చో అన్నాడు. స్వెట్టరు మీద శాలువా కప్పుకుని ఆమె వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది. ఆయన స్క్రూడ్రైవరు నా చేతికిచ్చి నేల చూపించాడు. నడుం వంచితే ఒప్పుకోలేదు. మర ఎంత తిరుగుతోందో దాని ఎత్తున కూర్చుంటేనే చేతికి తెలుస్తుందన్నాడు. ఫ్యాక్టరీ లైన్లో ముప్ఫై ఏళ్ళు తాను చేసింది ఆ పనేనట. మోకాళ్ళ కిందకి ఒక అట్టముక్క తోశాడు.

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. పైకి చూస్తే అద్దం వెనక మా ఆవిడ, వెన్ను నిటారుగా, చేతులు ఒళ్ళో, స్టీరింగు ముట్టుకోకుండా, చూపు తిన్నగా.

ఆ భంగిమ నాకు తెలుసు. ఆ వేపునుంచి దాన్ని ఎప్పుడూ చూడలేదు, అంతే. మరలు తిప్పుతున్నానే గానీ మనసు సున్నం వేసిన గోడ దగ్గరే ఉంది. సీటుకొక బస్తా పెట్టించిన మనిషి డ్రైవరు సీట్లో మాత్రం బస్తా ఎందుకు పెట్టలేదో, ఇన్నేళ్ళకి, మంచు కరిగిన సిమెంటు మీద మోకాళ్ళు తడుస్తుండగా నాకు తెలిసింది.

అయినా నిర్ధారణ కోసం మా మేనత్తకి ఉత్తరం రాశాను. జవాబు తొందరగానే వచ్చింది. "మీ తాత బరువుకి కూర్చునేవాడురా, ఇంకేమనుకున్నావు? క్లీనర్లంతా పుల్లల్లా ఉండేవాళ్ళు. పెద్ద డ్రైవరుతో సమానంగా తూగేవాడు ఊళ్ళో మీ తాత ఒక్కడే. ధాన్యం కాటా మీద ఇద్దరూ తూగి మరీ చూసుకున్నారు. ఇంజనీరువి, ఆ మాత్రం తెలియదా?" అని రాసింది. కింద, మీ ఆవిడని జాగ్రత్తగా చూసుకోమని ఒక వాక్యం.

స్టీరింగు పట్టని మా తాతగారు, తన జీతగాడు పిలిస్తే వెళ్ళి, ఇసుక బస్తాల మధ్య తానొక బస్తాలాగా, కదలకుండా ఆరు సాయంత్రాలు కూర్చునేవారు. చీకట్లో మన్యం దారిన వెళ్ళే జనానికి దారి కనబడాలి కనక. అరుగు మీదనుంచి నేను చూసింది నిజంగా గొప్పతనమే. అది దేనిలో ఉందో తెలుసుకోవడానికి నాకు అంత కాలం పట్టింది.

దీపాలు దిద్దిన మర్నాడు ఆదివారం. ఇద్దరం కలిసి ఆ నలభై మైళ్ళూ వెళ్ళి వచ్చాం. ఆమె నడిపింది, నేను పక్కన కూర్చున్నాను. లేడి అడ్డం వచ్చిన చోటు దాటాక అంది, "అదిగో, ఆ ఎర్ర కొట్టం గోడదాకా కనిపిస్తోందండీ." సోమవారం నేను లేచేసరికి సొరుగు తెరిచి ఉంది. ఆ ల్యాబులో ఆమె ఇరవై ఆరేళ్ళు పనిచేసి, చివరికి దానికి అధికారిగా రిటైరైంది. ప్రతి ఏడూ మొదటి మంచుకి ముందు ఆమె డ్రైవరు సీట్లో కూర్చునేది, నేను అట్టముక్క మీద కూర్చునేవాణ్ణి. ఎదురింటి ముసలాయన ఉన్నన్నాళ్ళూ వచ్చి పర్యవేక్షించాడు.

అందుకే పోయిన ఆదివారం మనవరాలు టేపు ఎక్కడ పెట్టాలని అడిగితే, దీపం ఎత్తు కొలిచి చూపించి, అట్టముక్క తెచ్చుకుని, నువ్వెళ్ళి సీట్లో కూర్చోమన్నాను. మోకాలు సగం వంచానో లేదో అది నా భుజం పట్టుకుని ఆపింది.

"నో తాతా, నీ మోకాళ్ళు. నువ్వు కూర్చో. నేను తిప్పుతా. నా కారు కదా."

ఇందులో ఒక సాంకేతికమైన ఇబ్బంది ఉందనీ, కూర్చునే మనిషి నడిపే మనిషంత బరువుండాలనీ చెప్పాను. నీ బరువెంత అని అడిగాను. ఆడపిల్లని అలా అడగకూడదంది. ఇద్దరం పక్కపక్కన నిలబడి ఒకళ్ళనొకళ్ళం అంచనా వేసుకున్నాక, నాకు కొంచెం తక్కువైందని తేల్చి, తన స్కూలు బ్యాగు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. గరాజు తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్న మా ఆవిడ, "ఈసారి బియ్యం వద్దులెండి," అంది.

నేను చేతులు బ్యాగు మీద పెట్టుకుని కూర్చున్నాను. స్టీరింగు ముట్టుకోలేదు. వెన్ను మాత్రం నాకు ఎలాగూ నిటారుగానే ఉంటుంది. అద్దంలోంచి చూస్తే ముడివేసిన జుట్టు తప్ప మనవరాలు కనబడలేదు. ఆ పిల్ల అట్టముక్క కూడా వద్దని నేల మీదే కూర్చుంది. నీలం టేపు మీదికి పాకిన వెలుతురు కొంచెం కొంచెంగా దిగి, టేపు కింద ఒక గీతలా ఆగింది. "ఓకేనా తాతా?" అని అక్కణ్ణుంచే అరిచింది. ఇంకొక వెంట్రుకవాసి అన్నాను. దించింది.

ఈ రోజుల్లో ఈ పని ఎవరికీ అక్కర్లేదు. మా అమ్మాయి కొత్త కారులో దీపాలు బరువు చూసుకుని వాటంతట అవే పైకీ కిందికీ కదులుతాయి, మలుపులో ముందుగానే అటు తిరుగుతాయి. మంచిదే. ఎవరి భార్యా ఎవరి గర్వం వల్లా కాలవలో పడకూడదు. అయితే ఆ కార్లలో ఎవరూ ఎవరి కోసమూ కదలకుండా కూర్చోనక్కర్లేదు, అది ఒక్కటే నాకు కొంచెం వెలితి. నేల మీద కూర్చోవడంలో చిన్నతనం ఉంటుందని మా మనవరాలికి తెలియదు. నేను చెప్పలేదు. చీకటి పడ్డాక తన కారులో వాళ్ళింటికి వెళ్ళింది, వీధి మలుపుదాకా ఆ వెలుతురు రోడ్డు మీద తిన్నగా పరుచుకుని వెళ్ళడం మేమిద్దరం నిలబడి చూశాం.

ఆరు బస్సుల్లో నాలుగు మా నాన్నగారు అమ్మారు, రెండు తుక్కు కింద పోయాయి. షెడ్డు నేనే అమ్మాను, పడమటి గోడతో సహా.